పొయ్యి ముట్టించని ఇంట్లో టర్కీ సలాడ్

జర్మనీ యుద్ధం మొదలుకాక ముందు మాట. పంజాగుట్టలో ఒక ఇంగ్లీషు ఇంజనీరు దొర బంగళాలో నేను వంటవాణ్ణి. ఇల్లు అమీర్‌పేటలో. పొద్దున నడిచి పోయి, మాపటికి నడిచి వచ్చేవాణ్ణి.

ఆ ఏడు క్రిస్మస్‌కు ముందురోజు తెల్లవారుజామున మా ఐదు నెలల బిడ్డ జ్వరంతో పోయింది. ఎండెక్కక ముందే వాగు ఒడ్డున మట్టి చేసి వచ్చాం.

మర్నాడు నేను పనికి పోయాను. బంగళాలో పన్నెండు మందికి విందు, టర్కీ కోడిని కాల్చడం నాకు తప్ప అక్కడ ఎవరికీ రాదు. ఇంట్లో అదే చెప్పాను. నిజం అది కాదు. గోడవైపు తిరిగి పడుకున్న నా భార్యను చూస్తూ ఆ ఇంట్లో కూర్చోలేకపోయాను. ఆమె ఏడవలేదు, తినలేదు. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతున్నా నోరు విప్పలేదు.

దొరసానికి ఏమీ చెప్పలేదు. కోడి పొట్టలో రొట్టె ముక్కలు కూరి, మాటిమాటికీ వెన్న పూస్తూ కాల్చాను. పనిలో ఉన్నంతసేపు బిడ్డ గుర్తుకే రాలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నామీద నాకే రోత.

ఆ మర్నాడు దొరసాని జాలీ తలుపుల బీరువాలో మిగిలిన కోడిని చూసి, వచ్చీరాని ఉర్దూలో, "మళ్లీ వేడి చెయ్యొద్దు. చల్లగా సలాడ్ చెయ్యి" అంది. ఎముకల నుంచి మాంసం ఒలిచాను. తోటలో కోసిన సలాడ్ ఆకు, కీరా, ఉడికిన గుడ్డు, పులుపుకు సిర్కా, ఆవపొడి కలిపాను.

ఆమె రుచి చూసి, "ఉప్పేది?" అంది.

అన్నేళ్లలో నేను ఉప్పు మరిచింది లేదు. నోరు దానంతటదే తెరుచుకుంది. "మా బిడ్డ చచ్చిపోయిందమ్మా."

"ఎప్పుడు?"

"మొన్న."

ఆమె మొహం తెల్లబోయింది. "మరి నిన్న మాకెట్లా వండావు?" అంది. మిగిలిన మాంసం మూటగట్టించి నన్ను ఇంటికి పంపేసింది.

మా ఇళ్లలో చావు జరిగితే మూడు రోజులు పొయ్యి ముట్టించరు. పక్కింటివాళ్లు తెచ్చిన జొన్నరొట్టెలు అట్లాగే ఎండిపోయి ఉన్నాయి. ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర సన్నగా తరిగి, చల్లటి మాంసంలో కలిపి నిమ్మకాయ పిండాను.

"గీ దినాలల్ల ఇంట్లకు నీసు తెస్తవారా?" అంది మా అమ్మ. మళ్లీ తనే, "సరే, పెట్టు. పాలున్న ఒళ్లు. ఏదన్న తిననియ్యి" అంది.

గిన్నె నా భార్య ముందు పెట్టాను. మెల్లగా లేచి కూర్చుంది. రెండు ముద్దలు తిన్నది. మూడోది చేతిలో ఉండగా అడిగింది.

"గిది ఎప్పుడు వండినవ్?"

"నిన్న."

"నిన్న పొద్దంతనా?"

"ఊఁ."

"చేతులెట్లొచ్చినయ్ నీకు?"

ఆమె ముద్ద గిన్నెలో పెట్టి చెయ్యి కడుక్కుంది. అప్పుడు ఏడ్చింది, బిడ్డ పోయాక మొదటిసారి. దగ్గరికి పోబోతే మా అమ్మ నా రెక్క పట్టుకుంది. "పోకు. ఏడ్వనియ్యి."

తర్వాత మాకు ఇద్దరు కొడుకులు పుట్టారు. దొర బదిలీ అయ్యేదాకా ఆ బంగళాలోనే చేశాను. మానమని నా భార్య ఎన్నడూ అనలేదు. కాపురం సాగింది. కాని నా చేత్తో వండింది ఆమె మళ్లీ తినలేదు. ఒళ్లు కాలిపోయే జ్వరంలో కూడా గోడ పట్టుకుని లేచి, తన గంజి తనే కాచుకునేది.