గంగక్క మిద్దె మీద సోలారు

గ్రామీణ బ్యాంకులో ఇరవై రెండేళ్ళు లోన్ల లెక్కలు చూసినవాణ్ణి. గుంతకల్లు రైల్వే క్వార్టర్సులో పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి టైము తప్పినా, లెక్క తప్పినా నాకు ఒళ్ళు మండుతుంది. అలాంటి నా బల్ల ముందుకు 2003 ఎండాకాలంలో గంగక్క వచ్చి, ఇంటికి సోలారు లైట్లు పెట్టించుకోవాలి, లోను కావాలంది. శింగనమల దగ్గరి పల్లె ఆమెది. యాభై దాటిన మనిషి, నాలుగెకరాల మెట్ట చేను, రెండు ఎనుములు. భర్త మారెప్ప నాలుగేళ్ళ కిందట కరెంటు కొట్టి చచ్చిపోయాడని పేపర్లో చదివి ఉన్నాను.

"మీ ఊర్లో కరెంటు లేదా అక్కా?" అన్నాను.

"ఉండాది సార్. మా ఇంట్లో గూడా ఉండాది."

"మరి ఇదెందుకు?"

"ఆ తీగ పీకేయించుకుంటా."

నవ్వూ వచ్చింది, కోపమూ వచ్చింది. కాగితం తీసి లెక్క వేసి చూపించాను. ప్యానలు, బ్యాటరీ, రెండు లైట్లు కలిపి పద్నాలుగు వేలు. ఆమె కట్టే కరెంటు బిల్లు నెలకు నలభై. అంటే పెట్టిన డబ్బు తిరిగి రావడానికి ముప్పై ఏళ్ళు. పోనీ అంతవరకూ ఓపిక పడదామన్నా, అయిదేళ్ళకోసారి బ్యాటరీ మార్చాలి, దానికి మూడు వేలు. ఆ బ్యాటరీ ఖర్చే కరెంటు బిల్లును మించిపోతుంది. ఇది ఏ జన్మకూ గిట్టదని ఖరాఖండిగా చెప్పేశాను.

"గిట్టదని నాకూ తెలుసు సార్. ఇస్తావా ఇయ్యవా, అది చెప్పు."

ఇవ్వనన్నాను. మరుసటి సోమవారం మళ్ళీ వచ్చింది. మూడో సోమవారం చెవుల కమ్మలు తీసి బల్ల మీద పెట్టి, "ఇవి పెట్టుకో. అంతకుమించి నా దగ్గర దుడ్లు ల్యావు" అంది. క్యాషియరు కిసుక్కుమన్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. సరే, ఇల్లు చూస్తానన్నాను. మిద్దె పాతబడింది, ప్యానలు మొయ్యదు అని రాసి ఫైలు మూసెయ్యాలని నా ఎత్తు.

మర్నాడు మధ్యాహ్నం పోయాను. ఆ ఊళ్ళో పొద్దుటి నుంచీ కరెంటు లేదు. మట్టి మిద్దె, చిన్న గవాక్షం, పట్టపగలే లోపల చీకటి. గంగక్క మజ్జిగ చెంబుతో వస్తూ ఉండగా నెత్తిన బల్బు భగ్గున వెలిగింది. బయట పిల్లలు "కరెంటొచ్చె! కరెంటొచ్చె!" అని కేకలు పెట్టారు.

చెంబు ఆమె చేతిలోంచి జారిపోయింది. గోడకు కరుచుకుపోయి బల్బు కేసి చూసింది, తర్వాత తన కుడిచెయ్యి చూసుకుంది. ఆ చేతిని చీరకు తుడుస్తూనే ఉంది, ఎంతకీ ఆపదు. నాకు భయమేసింది.

"ఏమైందక్కా? కూర్చో ముందు."

కూర్చుంది. తనే చెప్పడం మొదలుపెట్టింది. ఆ పల్లెల్లో ఫ్యూజు పోతే లైన్‌మన్ వచ్చేసరికి పంట ఎండిపోతుంది. అందుకని ఊరికొక గుండెధైర్యం ఉన్న మనిషి ఆ ఫ్యూజు వేస్తాడు. వాళ్ళ ఊళ్ళో ఆ మనిషి మారెప్పే. రెండు స్తంభాల అవతల ఉన్న లైను స్విచ్చి హ్యాండిలు దించి కరెంటు ఆపి, అక్కడ ఒకరిని కాపలా పెట్టి, తను ట్రాన్స్‌ఫార్మర్ ఎక్కేవాడు. పనై కిందికి దిగాక తువ్వాలు ఊపేవాడు. కాపలా మనిషి అది చూసి హ్యాండిలు ఎత్తాలి. అదీ వాళ్ళ పద్ధతి.

"పక్క చేనువాడెవడో తెలియక ఎత్తేశాడని పేపర్లో వేశారు కదా?" అన్నాను.

"ఊరోళ్ళు అట్లనుకున్యారు సార్. అనుకోనిస్తి. ఆ పొద్దు కాపలా ఉండింది నేను."

ఆమె తన కుడిచెయ్యి కేసి చూస్తూ చెప్పింది.

"ఎండ కండ్లల్లో పడతాంది. తువ్వాలు కదిలింది కనపడె. దిగి ఊపినాడనుకుంటి. పైననే ఉండి చెమట తుడుచుకుంటాండాడని నాకేం తెలుసు? ఎత్తేస్తి. ఊర్లో పిల్లోళ్ళు కరెంటొచ్చె అని అరిసిరి. నాకు సంతోషమాయ సార్. ముందు సంతోషపడితి. ఆ తర్వాత తిరిగి చూస్తి."

ఆమె ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

"స్విచ్చి ఆపేసుకోవచ్చు కదక్కా?"

"ఆపితే చీకటి. చీకట్లో ఆయప్ప వచ్చి నిలబడతాడు. ఏసి పెడితే ఎప్పుడో ఒకప్పుడు దానంతటదే ఎలుగుతాది. యాడో ఎవురో హ్యాండిలెత్తినట్టే గదా? ఆ చెయ్యి నాదే అనిపిస్తాది. సోలారుకైతే తీగ కొసన నా మిద్దె తప్ప ఇంగెవురూ ఉండరంట."

బ్యాంకుకు వచ్చి ఫైలు తెరిచాను. 'దీనివల్ల వచ్చే ఆదాయం' అనే గడి ఖాళీగా వదిలితే మేనేజరు ఒప్పుకోడు. సాయంత్రాలు లైటు కింద విస్తరాకులు కుట్టి అమ్ముతుందని రాశాను. నా సర్వీసులో నేను రాసిన మొదటి అబద్ధం అది. కమ్మలు ఆమెకే తిరిగి ఇచ్చేశాను.

ఆషాఢంలో అనంతపురం నుంచి ఫిట్టరు శివప్ప వచ్చాడు. నేనూ పోయాను, పోకుండా ఉండలేకపోయాను. అతను మిద్దె మీద ప్యానలు బిగించి, తీగ లోపలికి లాగి, మళ్ళీ పైకెక్కి ఏదో సరిచేస్తూ కేకేశాడు.

"ఏమ్మా, స్విచ్చి ఎయ్యి. చూస్తాం."

గంగక్క కదల్లేదు.

"దిగు" అంది.

"దిగేదేంది? ఇది పన్నెండు వోల్టులమ్మా. చీమ గూడా సావదు. ఎయ్యి."

"దిగి వచ్చి నా ముందర నిలబడు నాయనా. నీ కాళ్ళు పట్టుకుంటా, దిగు."

విసుక్కుంటూ దిగి వచ్చాడు శివప్ప. ఆమె ఎడమచేత్తో అతని మణికట్టు గట్టిగా పట్టుకుంది. ముఖంలోకి చూసింది, పాదాలు నేల మీద ఆనాయా లేదా అని చూసింది. అప్పుడు కుడిచేత్తో స్విచ్చి నొక్కింది. ట్యూబులైటు తెల్లగా వెలిగింది. ఊళ్ళో ఎవరూ కేక పెట్టలేదు.

"వదులమ్మా, పైన ఇంగా పనుండాది" అన్నాడు శివప్ప. ఆమె వదల్లేదు. అతను నవ్వుతూ రెండుసార్లు చెప్పాడు, మూడోసారి నవ్వలేదు. చివరికి నేనే దగ్గరికి పోయి, ఆమె వేళ్ళు ఒక్కొక్కటే విడదీశాను.