జహాజు మీదున్న బ్రేకు సిలిండరు

బాంబూఫ్లాట్‌లో ఏ పాత బండి మొరాయించినా గవరయ్య షెడ్డుకే తోసుకొస్తారు. ఆయన చెయ్యి పడితే బండి పరుగెత్తుతుంది, వయసు మాత్రం దాచుకోదు. తుప్పు పెరగకుండా ఆపుతాడు గానీ ఆనవాళ్లు చెరపడు. రంగు డబ్బా అన్నది ఆ షెడ్డులో కనిపించదు.

ఆ వేసవిలో ఫెర్రీ దాటితే వచ్చే లంబాలైన్ నుంచి టీచరు రాధిక, చనిపోయిన తన తండ్రి పికప్‌ని ఇంకో బండికి కట్టించి తెచ్చింది. ఏడేళ్లు వానకూ ఉప్పుగాలికీ నిలబడిన బండి అది.

"పైన ఏమీ మార్చొద్దు బాబాయ్. నాన్న చేపల పెట్టెలు ఒరుసుకున్న గీతలు కూడా అలాగే ఉండాలి" అంది.

గవరయ్య ఇంజను విప్పి బాగుచేశాడు. కుళ్లిన అడుగురేకు మార్చాడు. వెలిసిపోయిన నీలం రంగుకి మెత్తటి గుడ్డతో పల్చగా కొబ్బరినూనె పట్టించాడు. భార్య అసిరమ్మ పోయి రెండేళ్లు. పలకరించే మనిషి లేని ఇల్లు. పొద్దున్నే టీ తాగుతూ ఆ బండితో కబుర్లు చెప్పడం అలవాటైపోయింది. చెన్నై నుంచి ఓడలో రావాల్సిన బ్రేకు సిలిండరు వచ్చింది, బిగించాడు, పని పూర్తయింది. రాధిక ఫోన్ చేస్తే మాత్రం, "సిలిండరింకా రానేదమ్మా, జహాజు మీదుంది" అన్నాడు.

ద్వీపాల్లో ఆ మాటకి ఎవరూ ఎదురడగరు. ఉల్లిపాయల నుంచి సిమెంటు దాకా అందరిదీ ఏదో ఒకటి జహాజు మీదే ఉంటుంది. ఆమె మూడుసార్లు నమ్మింది. నాలుగోసారి ఫెర్రీ ఎక్కి వచ్చేసింది.

"ఏ జహాజు బాబాయ్? ఈ నెల్లో మూడు వచ్చాయి. నీ సిలిండరు ఈదుకుంటూ వస్తోందా ఏంటి?"

గవరయ్య నవ్వబోయి ఆగిపోయాడు. తాళంచెవి తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

"బిగించి ఇరవై రోజులైంది. ఇచ్చీడానికి మనసొప్పనేదమ్మా."

రాధిక ఎక్కి కూర్చుని తాళం తిప్పింది. మొదటి తిప్పుకే ఇంజను అందుకుంది. ఆమెకి కోపం నిలవలేదు.

"ఆదివారం ఆదివారం వచ్చి ఆయిలూ అదీ చూసి వెళ్తుండు బాబాయ్."

"ఎందుకూ? నాను సేసిన బండి, ఆర్నెల్ల దాకా సూడక్కర్నేదు!" అన్నాడు గవరయ్య రోషంగా.

"సరే అయితే" అని ఆమె బండి కదిపింది.

అన్నాక గానీ తనేమన్నాడో ఆయనకి తెలియలేదు. బండి ఫెర్రీ ఎక్కేదాకా రోడ్డు మీదే నిలబడి ఇంజను చప్పుడు విన్నాడు. కేకేసి ఆపడానికి, ఎంత చెవి పెట్టినా ఒక్క లోపమూ దొరకలేదు.