మంగోలియా పెరుగు

మా తమ్ముడి మనవరాలు శ్రావణి ఇంగ్లీషు పాఠాలు చెబుతూ నాలుగేళ్లలో ఆసియాలో ఐదు దేశాలు తిరిగింది. పోయిన వేసవిలో కర్నూల్లో మా ఇంట్లో పదకొండు రోజులు ఉంది. మొదట వెళ్లిన మంగోలియాలో నొమిన్ అనే స్నేహితురాలు గుడ్డలో ఎండబెట్టి ఇచ్చిన పెరుగును ఎక్కడున్నా తోడుపెట్టుకుంటూ కాపాడుకొచ్చింది.

తొమ్మిదో రోజు ఉదయం ఆరుంబావుకు, అడుగున రెండు చెంచాల పెరుగున్న ఆ గిన్నెను ఎంగిలిదనుకుని తోమేశాను.

శ్రావణి ఖాళీ గిన్నె చూసి ఏడ్చేసింది. "నాలుగేళ్లు కాపాడుకున్యా గదవ్వా! నొమిన్‌కు ఏం చెప్పాల?"

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఏడుపు విని పక్కింటి రమీజాబీ వచ్చింది. సంగతి తెలిసి నవ్వింది.

"దీనికేనా పాపా! మంగళవారం నేను తోడు అడిగితే మీ అవ్వ ఇచ్చింది ఆ గిన్నెలోదే. మా ఇంట్లో కుండెడు ఉండాది, పా."

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు మా పెరుగు అయిపోతే, శ్రావణిని అడక్కుండానే ఒక చెంచా తీసిచ్చాను. పాలవాడు రాని రోజులు కూడా క్యాలెండర్లో రాసే నేను అది రాయలేదు. పక్కింటికి ఇచ్చిన తోడును ఎవరు రాసుకుంటారు?

శ్రావణి వెళ్లేటప్పుడు రమీజాబీ ఆ పెరుగునే కొత్త గుడ్డలో ఎండబెట్టి ఇచ్చింది. నాకు డెబ్బై నాలుగేళ్లు. తోమే ముందు గిన్నె ఎవరిదని అడగడం ఇప్పుడే నేర్చుకున్నాను.