మూత తీసిన డబ్బా

"మూత పెట్టనా?"

"వద్దు, ముట్టకు. నేను వచ్చినంక నేనే పెడ్త. బందు గూడ చెయ్యకు."

"గంతసేపు గుర్రుమంటనే ఉంటదా గా డబ్బ?"

"ఉండనీ తియ్యే. నువ్వు గుర్రు వెడితె నేనేమన్న బందు జేస్తున్ననా?"

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. మా ఆయన నవ్వుకుంటూ కెమెరా సంచి భుజాన వేసుకొని గడప దాటాడు. నేను జాకెట్టుకు గుండీ కుడుతున్నాను. నోట్లో దారం కొస ఉంది. అందుకే మారుమాట అనలేదు. లేకుంటే ఏదో ఒకటి అనేదాన్నే, ఊరుకునే మనిషిని కాను. కమ్మర్‌పల్లి అవతల ఒక పెళ్లికి పోయాడు. పందిట్లోనే చాతి పట్టుకొని కూర్చుండిపోయాడట. దవాఖానకు తెచ్చేసరికి అయిపోయింది.

నేను చెప్తుంటే రాస్తున్నది మా ఆడబిడ్డ, ఆయన సొంత చెల్లెలు. నాకు సంతకం వరకే వచ్చు. బస్సు మీద ఆర్మూర్ అని ఉంటే గుర్తుపడతాను, అది కూడా చదివి కాదు, ఆ అక్షరాల రూపం చూసి. నేను పోయిండు అంటే ఈమె పోయాడు అని రాస్తుంది. రాసుకోనీ. మాట తీరు మారితే మారింది, సంగతి మారకుంటే చాలు.

ఆయనది బస్టాండు దగ్గర ఫోటోల దుకాణం. పెళ్లిళ్లు, పుట్టువెంట్రుకలు, బోనాలు, దేనికి పిలిస్తే దానికి పోయేవాడు. తీసినదంతా ఇంట్లో ముందరి గదిలో ఒక డబ్బాలో దాచేవాడు. సర్వర్ అనేవాడు దాన్ని. చూడటానికి పాత కంప్యూటర్ డబ్బానే. లోపల రెండు డిస్కులు. ఒకదాంట్లో పడ్డదే రెండో దాంట్లోనూ పడుతుంది, ఒకటి పోయినా ఇంకొకటి ఉంటుంది అని చెప్పేవాడు. నాకు అర్థమైనంత వరకు అది రెండు అరల బీరువా.

ఆ బీరువాలో నాకు కావలసింది ఒక్కటే. ఆయన గొంతు.

ఆయన ఏ ఫోటోలోనూ లేడు. కెమెరా వెనక నిలబడేవాడు ముందుకు ఎట్లా వస్తాడు? మా పెళ్లి ఫోటో ఒకటి ఉంది, అందులో మొహానికి బాసింగం అడ్డం. ఇప్పుడు దండ వేసి పెట్టింది ఏదో కార్డు మీది ఫోటోను పెద్దది చేయించింది. అందులో ఎవరో పరాయి మనిషిలాగా ఉంటాడు, పొద్దున లేవగానే చూస్తే భయమేస్తుంది. కానీ గొంతు మాత్రం ప్రతి వీడియోలో ఉంది. "అత్తా, జర ఇటు సూడు." "బాపూ, తువ్వాల సక్కగ ఏసుకో." "పిల్లా, నవ్వితె పైసలు పోవు గదా, నవ్వు." అట్లా సతాయించి సతాయించి నవ్వించేవాడు. పెళ్లివాళ్లకు ఇచ్చేటప్పుడు ఆ గొంతంతా తీసేసి పైనుంచి పాటలు పెట్టి ఇస్తాడు. ఎవరింట్లో చూసినా పాటలే. గొంతుతో ఉన్న అసలువన్నీ మా డబ్బాలోనే. ఆయన ఫోను, పందిట్లో ఆయన కూలినప్పుడే కిందపడి పగిలి చచ్చింది. నాది మీటల ఫోను. మాట వస్తుంది పోతుంది, నిలవదు.

ఆయన పోకముందే డబ్బాకు రోగం పట్టింది. ఒక దినం తినే కంచం వదిలి లేచి పోయి దానికి చెవి ఆనించాడు, డాక్టరు లాగా. లైటు ఎర్రగా వెలుగుతున్నది. "రెండిట్ల ఒకటి సచ్చిందే. ఇంకోటి బతికున్నప్పుడే దాని నకలు కొత్తదాంట్ల దించుకోవాలె" అన్నాడు. కొత్త డిస్కు తెచ్చాడు. పక్క మూత ఊడదీసి, అది పెట్టి, వేడి ఎక్కకుండా టేబుల్ ఫ్యాన్ ఎదురుగా పెట్టాడు. నకలు దిగుతున్నదని చూపించాడు. ఏవో అంకెలు కదులుతున్నాయి. అట్లా నడుస్తుండగానే పెళ్లికి పోయాడు.

ఆయన్ని తెచ్చి పండబెట్టింది కూడా ఆ గదిలోనే. ఇల్లంతా జనం. డబ్బా గుర్రుమంటూనే ఉంది. మా పెద్దత్త ఒకామె చెవులు మూసుకుంది.

"ఏందే గా లొల్లి, పీనుగ పక్కన? ఎవలన్న గా స్విచ్చి బందు పెట్టుండ్రి."

అప్పటిదాకా నేను ఏడ్వలేదు, మాట్లాడలేదు. అప్పుడు లేచాను. "దానికి చెయ్యి వెడితె చెయ్యి ఇరుగుతది" అన్నాను. పెద్దత్త అందరి మొహాలూ చూసింది. "దీనికి మతి పోయింది పాపం" అంది. పోతే పోయింది. ముట్టకు అన్నాడు, బందు చెయ్యకు అన్నాడు. ఆయన నాకు అప్పజెప్పి పోయిన పని అదొక్కటే. మూత పక్కన గోడకు ఆనించి ఉంది. ఎత్తి పెడితే ముట్టినట్టు అవుతుందని దాన్ని కూడా అట్లాగే వదిలేశాను.

కర్మ చేసే దినాలు అయ్యేదాకా దాని పక్కనే చాప వేసుకున్నాను. మధ్యలో చప్పుడు మారింది. గుర్రుమనేది పోయి కర్ర్ అని, ఆగి, టక్ అని, మళ్లీ కర్ర్ అని. పసుపు కొమ్ములు రాతిమీద గీకినట్టు. నకలు బరువైంది కాబోలు, కష్టపడుతున్నది అనుకున్నాను. ఆయన చెప్పిన పని నడుస్తున్నదని దానికి దండం కూడా పెట్టాను. ఇది కూడా రాయి పిల్లా, వదిలిపెట్టకు.

దినాల నాడు ఇల్లు కడిగారు. కడిగిన ఇంటికి పసుపు నీళ్లు చల్లాలి, అప్పుడు గాని మైల పోదు. మాలో ఆ నీళ్లు చల్లవలసింది ఇంటి ఆడబిడ్డే. ఈమె ఇత్తడి చెంబు పట్టుకొని, మామిడి మండతో ఒక్కొక్క గది చల్లుకుంటూ వచ్చింది. ఏడుస్తూ చల్లుతున్న మనిషికి ఎదురుగా ఏమున్నదో ఏం కనబడుతుంది? పెద్దత్త గుమ్మంలో నిలబడి, "గా మూలకు గూడ సల్లు బిడ్డా, ఆడనే గద పండవెట్టింది" అంది. ఈమె మండ నిండా ముంచి చల్లింది.

టప్ అన్నది. కాలిన వాసన వచ్చింది. ఫ్యాన్ తిరుగుతున్నది, డబ్బా ఊరుకున్నది. అన్ని దినాల తర్వాత ఆ గదిలో మొదటిసారి చప్పుడు లేదు. అప్పుడు నాకు ఏడుపు వచ్చింది. అందరూ ఆయన కోసం అనుకున్నారు.

పెర్కిట్ వైపు కంప్యూటర్లు బాగుచేసే భాయ్ ఒకాయన ఉన్నాడు. మా ఆయనకు దోస్తు. నేనూ ఆడబిడ్డా ఆటోలో డబ్బాను ఒళ్లో పెట్టుకొని పోయాం. దీపం దగ్గర పెట్టి చూశాడు.

"దీని మీద నీళ్లు వడ్డయా అమ్మా?"

"పసుపు నీళ్లు."

"ఆర్మూర్ల ఏ డబ్బ ఇప్పినా పసుపు దుమ్ము ఉంటది. గని పసుపుతోని తానం చేయించినోళ్లను ఇప్పుడే సూస్తున్న."

నవ్వించాలని అన్నాడు. మా మొహాలు చూసి తల దించుకున్నాడు. బ్రష్షుతో తుడిచాడు, కరెంటు ఇచ్చే పెట్టె మార్చాడు. ఫ్యాన్లు తిరిగాయి. కంప్యూటర్ అద్దం మీద తెల్ల రాతలు వచ్చాయి. "డిస్కులు కనవడ్తలెవ్వు" అన్నాడు. వైర్లు మార్చాడు. తర్వాత ఒక్కొక్క డిస్కు బయటికి తీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. ముందే చచ్చినది చచ్చే ఉంది. కొత్తది తెరుచుకుంది. అందులో నకలు కొంచెమే దిగి, ఒకచోట ఇరుక్కొని ఆగిపోయిందట. అటూ ఇటూ గాలించి కొన్ని ఫోటోలు లేపాడు. ఒకదాంట్లో పెళ్లికూతురి మొహం కళ్ల దాకా ఉంది, కిందంతా బూడిద రంగు. ఒక వీడియో తెరిస్తే బొమ్మ కదిలింది, చప్పుడు లేదు. ఎవరో ముసలాయన కెమెరా వైపు చూసి నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ఆయన్ని నవ్వించింది ఎవరో నాకు తెలుసు.

ఇక మిగిలింది ఆయన బతికున్నదన్న ఆ రెండో పాత డిస్కు ఒక్కటే. అది తిరగనే లేదు. దాని కింద అతికించి ఉన్న, దాన్ని నడిపించే పచ్చ పట్టీ మీద కాలిన మచ్చ చూపించాడు భాయ్. "నీళ్లకు ఇది కాలింది" అన్నాడు. ఆ మాటకు ఆడబిడ్డ కుర్చీలోంచి లేచి బయటికి నడిచింది. నేను బయటికి వచ్చి చూసేసరికి లేదు. వాళ్ల ఊరు భీమ్‌గల్ బస్సెక్కి పోయింది. ఆ తర్వాత మా ఇంటికి రాలేదు. ఫోను చేస్తే వాళ్లాయన ఎత్తేవాడు. "ఏడుస్తనే ఉన్నది అక్కా, అన్నను రెండోసారి నేనే సంపిన అంటున్నది" అనేవాడు.

భాయ్ ఎక్కడెక్కడో అడిగి అట్లాంటి పట్టీనే సంపాదించి మార్చాడు. నన్ను పిలిపించి నా ముందే కరెంటు పెట్టాడు. డిస్కు తిరిగింది. కర్ర్. టక్. కర్ర్.

"గీ సప్పుడు నీళ్లు వడకముందు గూడ ఉండెనా అమ్మా?"

"ఉండె. ఆయన పోయిన కొత్తల్నే సురువైంది."

వెంటనే కరెంటు తీసేశాడు. డిస్కు విప్పి చూసేవాళ్లు హైదరాబాద్‌లో ఉన్నారు, పంపిస్తానన్నాడు.

ఆ జవాబు వచ్చేదాకా ఇంట్లో కూర్చోలేకపోయాను. కమ్మర్‌పల్లి పోయాను, ఇదివరకు ఎప్పుడో ఆయన పెళ్లి వీడియో తీసి ఇచ్చిన ఒక ఇంటికి. వాకిట్లో పసుపు ఆరబోసి ఉంది. ఆ ఇంటి పెద్దామె నన్ను కూర్చోబెట్టి టీవీ పెట్టింది. పాట, పాట తర్వాత పాట. ఒక్కచోటన్నా తన గొంతు తీసేయడం మరిచాడేమో అని చివరిదాకా చూశాను. మా ఆయన పని శుభ్రంగా చేసేవాడు. మరవలేదు.

"నన్నెంత సతాయించిండే బిడ్డా" అంది ఆమె. "అత్తా, పండ్లు కనవడనియ్యి, ఊసిపోయినయా ఏంది అనె. గా మాటకు నవ్విన్నే, సూడు, గదే గీ నవ్వు."

మాటలు చెప్పింది. గొంతు లేదు. టీవీలో ఆమె నవ్వుతున్నది, పైన పాట నడుస్తున్నది. ఆమె చాయ్ పెడతానని లేస్తే నేను చెప్పకుండానే బయటికి వచ్చాను.

హైదరాబాద్ నుంచి జవాబు వచ్చిన దినం భాయ్ తనే ఇంటికి వచ్చాడు. అప్పుడే అర్థమైంది. లోపల అద్దంలాంటి పళ్లేలు ఉంటాయట, వాటి మీద ముల్లు తిరుగుతూ రాసింది చదువుతుందట. ఆ ముల్లు విరిగి పళ్లేన్ని గీకింది. రాసిందంతా పొడి అయి రాలిపోయింది.

"నీళ్లకు పట్టీ ఒక్కటే కాలింది. పట్టీ మారిస్తె అయిపోతుండె" అన్నాడు. "సప్పుడు మారిన నాడు బందు వెట్టుంటె దక్కుతుండె. గన్ని దినాలు నడిచింది గద, గీక్కుంట గీక్కుంటనే నడిచింది."

"బందు చెయ్యకు అన్నడు భాయ్."

"ఆయనకేం ఎరుక అమ్మా, గిట్లయితదని. ఒక్కటే దినం కొన్న జోడు గద. ఒకటి పోయిందంటె రెండోది గూడ ఎన్కనే పోతది."

అని నాలుక కరుచుకున్నాడు.

"నేను పోలే గదా భాయ్" అన్నాను.

సంగతి ఇంతే. చనిపోయినవాళ్ల మాట తప్పితే పాపం అంటారు. నేను తప్పలేదు. ఒక్క అక్షరం తప్పలేదు. పెద్దత్త బందు పెట్టమన్నప్పుడు పెట్టనిచ్చి ఉంటే ఇవాళ ఆయన నాతో మాట్లాడేవాడు. నేను కాపలా కూర్చున్నాను. నేను పక్కన పండుకొని వింటుంటే ఆయన గొంతు పొడిపొడిగా రాలింది. ఆ గీకుడు చప్పుడు ఇప్పుడు కూడా నాకు గుర్తుంది. ఆయన మాట ఎట్లా ఉండేదో, గట్టిగా తలచుకుంటే, ఇప్పుడు రావడం లేదు. మాటలు వస్తాయి, నా గొంతుతో వస్తాయి. కొన్ని దినాలకు అవి కూడా పోతాయి. దీనికి మందు లేదు. ఓర్చుకో అనేవాళ్లకు దండం.

వాళ్లాయనతో ఫోను ఇప్పించుకొని, భాయ్ చెప్పింది ఈమెకు చెప్పాను. వినలేదు. అందుకే నిన్న నేనే బస్సెక్కి భీమ్‌గల్ వచ్చాను. అన్నం పెట్టింది. పప్పు తెల్లగా ఉంది. ఏందే ఇది అన్నాను. పసుపు డబ్బా ముట్టి చానా దినాలైంది అన్నాడు వాళ్లాయన. పసుపు పండే ఊళ్లో తెల్ల పప్పు తింటున్నారు, ఈమె వల్ల.

"నీళ్లతోని పోలేదే పిల్లా."

"నా మనసుకని గట్లంటున్నవ్ వదినె. టప్ మన్నది నేను ఇన్ననా లేదా?"

"నువ్వు టప్ మన్నదే ఇన్నవ్. నేను కర్ర్ మన్నది ఇన్న, గన్ని దినాలు."

నమ్మలేదు. నోటి మాట నమ్మకుంటే కాగితం మీద పెట్టు అన్నాను. పొద్దున్నుంచి చెప్తున్నాను, రాస్తున్నది. నడుమ నడుమ ఆగుతున్నది, కలం కదలడం లేదు, నేను చూస్తున్నాను. భాయ్ మాటలు చెప్పినప్పుడు మరీ ఎక్కువసేపు ఆగింది. అక్కడ ఏం రాసిందో, ఏం మింగిందో నాకెట్లా తెలుస్తుంది?

"ఇగ సాలు, కలం కింద వెట్టు. మొదటి సంది సదువు పిల్లా, గట్టిగ సదువు. నాకు అచ్చరం రాదు గద. నీళ్లకు పట్టీ ఒక్కటే కాలింది అని భాయ్ అన్న కాడ, గది రాసినవో లేదో, నీ నోటితోని ఇననియ్యి."