చెవి గాటు చాలని చోట

"...ఆ డబ్బాను మేస్తే గొర్రెల కడుపు నిండుతుందా, లేకపోతే నీ క్లాసు వింటే నిండుతుందా?"

"మేపనని నేను చెప్పలేదప్పా. సాయంత్రం ఆరు దాకా ఆగమంటా ఉండా."

"ఆరుకు పొద్దు గూట్లో పడతాది. అప్పుడు వాటికి టార్చిలైటు పట్టి మేత చూపిస్తావా?"

భర్త, కూతురు ల్యాప్‌టాప్ మీద పడుతున్న ఈ వాదన నాగక్క గేటు బయటే విన్నది. ఆదివారమైనా రోజాలు పూయడం మానవు కాబట్టి ఆమె తెల్లవారగానే పూలతోట షెడ్డుకు వెళ్లి, కోసిన పూలను కట్టలు కట్టి, మధ్యాహ్నానికి తమ ఊరు బేరిగైకి తిరిగొచ్చింది. దొడ్డిలో మంద ఇంకా అలాగే ఉంది. ఆమెను చూసి గొర్రెలన్నీ ఒక్కసారిగా అరిచాయి.

భర్త ముత్తప్ప చెరువు కట్ట మీద జారిపడి కాలు విరగ్గొట్టుకున్నాక మంద బాధ్యత కూతురు లక్ష్మీప్రియ మీద పడింది. హోసూరులో ఆమె పనిచేసిన కంపెనీ కాంట్రాక్టు ముగిసి ఇంట్లోనే ఉంది కదా అన్నాడు ముత్తప్ప. ఉన్నది నిజమే. అయితే ఆమె ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరింది. మొదటి వారం పని ఒకటే: డేటాబేస్, దానితోపాటు వివరాలను ఒకదానిలో ఒకటి అమర్చే 'మార్కప్' రాసే సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని, రెండింటిలోనూ ఏదైనా చిన్న వివరం పెట్టి, ఆదివారం ఆరులోగా పంపాలి. పంపలేనివాళ్లు వచ్చే ఏడాది బ్యాచ్‌కు ఆగాలి. అన్న ముఖేశ్ ఇచ్చిన పాత ల్యాప్‌టాప్‌కు బ్యాటరీ చచ్చిపోయింది. ప్లగ్గు నుంచి తీస్తే ఆరిపోతుంది. దాన్ని మేతబీడుకు మోసుకుపోయే దారి లేదు.

 నాగక్క కొడవలి తీసుకుని వెళ్లి సుబాబుల్ కొమ్మలు కొట్టుకొచ్చి దొడ్డిలో వేసింది. అరుపులు ఆగాయి. ముత్తప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఆమె చేతులు కడుక్కుని కూతురి పక్కన కూర్చుంది.

తెర మీద సాఫ్ట్‌వేర్ ఎక్కుతున్నట్టు ఒక పచ్చగీత నెమ్మదిగా పొడుగవుతోంది. ఉదయం నుంచి రెండుసార్లు కరెంటు పోయి, రెండుసార్లూ అది మొదటికొచ్చిందట. అది నిండేదాకా ఇద్దరూ చూస్తూ కూర్చున్నారు. నిండాక ఒక నల్లటి కిటికీ తెరుచుకుంది. లోపల ఒక చిన్న తెల్లగీత ఆరుతూ వెలుగుతూ నిలబడింది.

"ఏమంటాది?" అని అడిగింది నాగక్క.

"ఏమీ అనదు. మనం చెప్పేదానికి కాచుకొని ఉంది."

ఏదైనా నీకు బాగా తెలిసిన దాన్ని పెట్టు అన్నారట కోర్సువాళ్లు. లక్ష్మీప్రియ మందనే పెట్టాలనుకుంది. గొర్రెకొక వరుస, ప్రతి వరుసనూ తప్పకుండా గుర్తుపట్టే గుర్తు ఒకటి ముందు చెప్పాలంది. గొర్రెను గుర్తుపట్టడానికి చెవి గాటుకు మించింది ఏముందని తల్లి అంది. కూతురికీ ఇంకోటి తోచలేదు. ఆ ఊళ్లో ఒక్కో ఇంటికి ఒక్కో గాటు. ముత్తప్ప ఇంటిది ఎడమ చెవి కొస రెండుగా చీలిక. చెరువు దగ్గర మందలు కలిసిపోతే పెద్దమనుషులైనా చెవి చూసే మాట్లాడతారు.

కర్రి అనే గొర్రెను దాని గాటుతో పెట్టింది లక్ష్మీప్రియ. డేటాబేస్ తీసుకుంది. చుక్కను పెట్టింది. ఎర్రటి అక్షరాలు వచ్చాయి. మళ్లీ కొట్టింది. మళ్లీ అవే.

"చుక్కను వద్దంటాది."

"ఎందుకు? మంచి గొర్రే కదా."

"తెలీదు. పోయిన బొల్లిని పెట్టి చూస్తా."

బొల్లిని మారుమాట లేకుండా తీసుకుంది. నాగక్క తెరకు మరింత దగ్గరగా జరిగింది. బొల్లి ఆమె పుట్టింటి గొర్రె. పెళ్లయ్యాక కూతురి వెంట ఒక ఆడ గొర్రెపిల్లను తోలిపంపడం వాళ్లలో వాడుక. దాని కుడి చెవికి అరచందమామ గాటు ఉండేది. చివరిదాకా అలాగే ఉంది. ఈ ఇంట్లో పుట్టిన దాని పిల్లలన్నింటికీ మాత్రం ఎడమ చెవే చీల్చారు.

లక్ష్మీప్రియ ఎర్ర అక్షరాలను ఈసారి నిదానంగా చదివింది. తర్వాత నవ్వింది. ఇంటి గాటు కర్రికి ఇచ్చేశాం, అదే గాటుతో ఇంకోటి వస్తే ఈ రెండూ ఒకటేనా అని అడుగుతోందని తల్లికి చెప్పింది. చెవి గాటు ఎవరిదో చెప్తుంది. దీనికి ఎవరిదన్నది కాదు, ఏ గొర్రె అన్నది కావాలి.

 మంద మొత్తాన్ని ఒక్క చెవి గాటుతో కాచిన ఇంట్లో నాగక్క ఇన్నేళ్లు ఉంది. ఒక్కో ప్రాణిని విడిగా నువ్వెవరని అడిగేది ఒకటుందని, జవాబు చెప్పేదాకా అది ముందుకు పోనివ్వదని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

టేబుల్‌లో గాటు పక్కకు జరిగి, గొర్రెకొక అంకె వచ్చింది. అంతా సర్దుకునేసరికి నాలుగు దాటింది. మార్కప్ మిగిలింది. అందులో పేరు ఒకటి తెరవాలి, లోపల ఉండాల్సినవి ఉంచాలి, మళ్లీ అదే పేరుతో మూయాలి. తెలుగులోనే రాయొచ్చని తెలిసి లక్ష్మీప్రియ తెలుగులోనే రాసింది. అయిదో తరగతి దాకా తెలుగు బడిలో చదివిన నాగక్క వేలు పెట్టి చదివింది: మంద. గొర్రె. పిల్ల. రోజూ షెడ్డులో మందు డబ్బాల మీద ఆమె తనకు రాని భాషల అక్షరాలు చూస్తుంది. ఈ మాటలు మాత్రం ఆమె ఇంట్లోవి.

"పోయినదాన్ని ఇందులోనూ పెట్టొచ్చునా?" అని అడిగింది.

"పెట్టొచ్చు. మనం తీస్తేనే పోతాది."

నాగక్క చెప్పసాగింది. బొల్లికి ఒక పిల్ల, దానికి ఇంకోటి, దానికి చుక్క. చుక్కకు తెల్లకాలిది. దానికి మొన్నటి కవలలు. అటు ఇంకో కొమ్మ. కూతురు ఒకదానిలో ఒకటి తెరుస్తూ పోయింది. ఒకచోట మూయడం మరిచిపోతే ఆ వరుసలోనే ఎర్రగీత వచ్చి నిలిచింది. దాన్ని మూశాక తెర మొత్తం మెట్లు మెట్లుగా సర్దుకుంది. పైన బొల్లి తెరుచుకుంది. దొడ్డిలో సగం మంద దాని లోపలే ఉంది. అన్నింటి కిందా, చిట్టచివర, బొల్లి మూసుకుంది.

చెవులు చూస్తే ఇవన్నీ ముత్తప్ప ఇంటివే. నాగక్క పైట కొసతో తెర మీద దుమ్ము తుడిచింది. అందులో ఏదీ చెదరకూడదన్నట్టు, మెల్లగా తుడిచింది.

"ఏమప్పా, ఈడ చూడు," అంది భర్తతో. ముత్తప్ప మోచేతి మీద లేచి చూశాడు. అతనికి చదువు రాదు. కూతురు చదివి వినిపించింది. కవలల దగ్గరికి వచ్చేసరికి వాటిలో ఒకటి పొట్టేలని, అది కూడా రాయమని అన్నాడు.

ఆరుకు కాస్త ముందు పంపింది. అందిందని జవాబు వచ్చింది. సోమవారం నుంచి మూడు నెలలు రోజూ పదింటికి క్లాసు, లైవ్‌లో ఉండాల్సిందే అని దాని కిందే ఉంది. లక్ష్మీప్రియ దాన్ని పైకి చదివింది.

"పదికి మంద బీడులో ఉండాల. అయితే రేపు ఎవరు తోలేది?" అన్నాడు ముత్తప్ప. ఈసారి గొంతులో ఎగతాళి లేదు.

 పెళ్లైనప్పటి నుంచి గొర్రెల వెనక తిరిగి తిరిగి, అత్తతో పోట్లాడి మరీ నాగక్క రోజా షెడ్డులో చేరింది. ఇప్పుడు ఆమెది కాడల పొడవు చూసి కట్టలు విడదీసే బల్ల. నీడలో నిలబడి చేసే పని. ఆ బల్ల కోసం కాచుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు.

ఆమె ఫోను తీసుకుని షెడ్డు మేస్త్రీ మాదేశ్‌కు కలిపింది.

"మాదేశప్పా, నేను నాగక్కను. నా బల్ల ఇంకెవరికైనా ఇచ్చేయి. రేపట్నుంచి మందను నేనే తోలుకొని పోతాను."