దీపస్తంభం గూట్లో నా రాయి

సముద్రం మొహం ఎరుగని మా సీమలో, ధర్మవరం చెరువు దగ్గర, దీపస్తంభం ఉందని మెస్సులో ఎవరో అంటే నేను నమ్మలేదు. హిందూపురం బెల్లం మండీలో గుమాస్తాను, ఒంటిగాణ్ణి. ఆదివారాలు గది గోడలు చూస్తూ గడపడం విసుగెత్తి, ఒక ఆదివారం పొద్దున ఆరున్నర బండికి ధర్మవరం టికెట్టు తీసుకున్నాను.

పెనుకొండలో బొరుగులు కొన్నాను. ఎదుటి సీటులో పట్టుచీరల మూటతో కూర్చున్న పెద్దాయన, "యాడికి పోతాండావప్పా?" అన్నాడు. చెప్పాను. "దీపం చూసేదానికి పట్టపగలు పోతాండావా!" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

ధర్మవరంలో దిగేసరికి పది. జట్కా ఊరి అవతల చెరువు కట్ట మీద దింపింది. రెండు నిలువుల ఎత్తు రాతి స్తంభం, పైన అద్దాల లాంతరు. దాన్ని వెలిగించేది చౌడమ్మ అనే ముసలావిడ. ఆమే చెప్పింది: ఆవలి ఒడ్డు నేతగాళ్ళు పుట్టిలో, అంటే గుండ్రటి బుట్టపడవలో, చెరువు దాటి పట్టు తీసుకెళ్ళేవారట. ఒక వానాకాలం చీకట్లో దారి తప్పి పుట్టి మునిగింది. మిగిలినవాళ్ళు ఈ స్తంభం కట్టి ఒక పద్ధతి పెట్టుకున్నారు: పుట్టి ఎక్కేవాడు స్తంభం గూట్లో రాయి పెట్టాలి, తిరిగొచ్చి తీసేయాలి. గూట్లో రాయి ఉన్నన్ని రోజులూ, పొద్దుగూకితే దీపం వెలగాలి.

గూట్లో మసిబారిన రాయి ఒకటుంది.

"ఇదెవరిది అవ్వా?"

"గాజులు అమ్మే ఆయప్పది. నాలుగేండ్లాయ. తానే పుట్టి తోసుకోని పోయె. మర్నాడు ఒట్టి పుట్టి కొట్టుకొచ్చె. ఆ పొద్దు నాకు జరమొచ్చి దీపం ముట్టిచ్చేది ఆలీసెమాయ నాయనా." ఆమె తల దించుకుంది.

నేనూ ఒక రాయి ఏరి గూట్లో పెట్టి, పావలా ఇచ్చి పుట్టి ఎక్కాను. పుట్టివాడు ఆవల దింపి, మూడింటికి వస్తానన్నాడు. అక్కడ మగ్గాల చప్పుడు తప్ప పలకరించే దిక్కు లేదు. రెండింటికి ధర్మవరం బస్సు కనిపిస్తే ఎక్కేశాను.

సాయంత్రం బండి పెనుకొండలో ఆగింది. స్టేషన్లో లాంతర్లు ముట్టిస్తున్నారు. అప్పుడు గుర్తొచ్చింది. నా రాయి గూట్లోనే ఉండిపోయింది! మూడింటికి పుట్టివాడు నేను కనబడక ఒట్టి పుట్టితో తిరిగెళ్ళి ఉంటాడు. హిందూపురంలో నేను రాకపోయినా అడిగేవాళ్ళు లేరు. ఇక్కడేమో ఒక ముసలావిడ నన్ను కూడా చెరువు మింగిందనుకుంటూ ఉంటుంది. సంచీ తీసుకుని దిగిపోయాను. తెల్లవారుజామున గాని ఎదురు బండి దొరకలేదు.

నేను వెళ్ళేసరికి పొద్దెక్కింది. దీపం ఇంకా వెలుగుతూనే ఉంది.

"కొత్తోనివి, దోవ తెలీదేమోనని ఆర్పలా," అంది చౌడమ్మ. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తప్పయింది అవ్వా. ఆ పక్కనే బస్సెక్కి పోయినాను."

ఆమె గూట్లోని మసి రాయి వైపు తిరిగింది. "అట్లయితే ఆయప్పా బస్సే ఎక్కింటాడేమో గదా?" అంది. "అంతే ఉంటుంది," అన్నాను. నా రాయి తీసి నా చేతిలో పెట్టింది. రెండోది తీయబోయి ఆగింది. "ఉండనీలే. తిరిగొస్తే?"

మండీలో చీవాట్లు తిన్నాను గాని బాధనిపించలేదు. మీరు వెళితే మాత్రం, ఎక్కిన ఒడ్డుకే తిరిగొచ్చి దిగండి. ఆనాటి తిరుగు బండిలో గాజుల దండల మలారం భుజాన వేసుకుని ఒకడు ఎక్కాడు. అడిగాను, అతను కాదు. ఇప్పటికీ మలారం కనబడితే అడుగుతూనే ఉన్నాను: "ఎప్పుడన్నా ధర్మవరం దగ్గర చెరువు దాటినావా అప్పా?"