తెల్ల జెండా ఎత్తని ఎబినేజర్ సార్

ఎబినేజర్ సార్ దేవుణ్ణి తప్ప ఇంకెవర్నీ నమ్మడు. దేవుణ్ణి నమ్మినా, పాస్టర్‌గారు చెప్పిన వాక్యాన్ని మాత్రం ఇంటికొచ్చి బైబిల్ తెరిచి సరిచూసుకుంటాడు. మెట్రో నాగోల్‌లో ఆగి, ఇదే చివరి స్టేషన్ అని మైకులో చెప్పినా సీట్లోంచి లేవడు. డ్రైవర్ దిగాడో లేదో చూసి, అప్పుడు తను దిగుతాడు. "ఆయనే దిగకుంటే మనమెందుకు దిగాలె?" అంటాడు.

ఉప్పల్‌లో ఒక హైస్కూల్లో డ్రిల్లు సారుగా చేసి రిటైరయ్యాడు. ఈ అనుమానం ఉద్యోగంలో అబ్బిందో, పుట్టుకతోనే వచ్చిందో ఆయన భార్య హన్నాకు కూడా తెలియదు. "మా పెండ్లిల పాస్టరు నీకిష్టమేనా అని నన్నడిగితే, ఇష్టమే అన్న. ఈయన నా దిక్కు తిరిగి, నిజంగనా అన్నడు" అని మాత్రం చెబుతుంది.

అలాంటి మనిషి నాచారంలో ఫ్యాక్టరీల పక్కన రేకుల షెడ్డులో ఉమాపతి నడిపే జిమ్ముకు కోచ్‌గా వచ్చాడు. అక్కడివాళ్ల ఆట చెప్పడానికి చాలా సులువు. నడుముకు బెల్టు కట్టి, దానికి గొలుసుతో ఇనుప ప్లేట్లు వేలాడదీసుకుని, పైనున్న కడ్డీ పట్టుకుని గడ్డం దాటేదాకా పైకి లాక్కోవాలి. అది పులప్. పక్కపక్కనున్న రెండు కడ్డీల మధ్య చేతుల మీద నిలిచి, మోచేతులు మడిచి కిందికి దిగి, మళ్లీ లేవాలి. అది డిప్. ఎక్కువ బరువుతో చేసినవాళ్లదే గెలుపు. అంతే. చెయ్యబోతేనే తాతలు దిగొస్తారు.

సార్ వచ్చిన రోజే సంచిలోంచి పాత సామాన్లు కొనేవాళ్ల కొక్కెం కాటా ఒకటి తీసి, జిమ్ములో ఉన్న ప్రతి ప్లేటునూ తూకం వేశాడు.

"సార్, ఇరవై కిలోలని దానిమీదే రాసుంది కదండీ!" అన్నాడు ఉమాపతి నొచ్చుకుంటూ.

"రాసుంటే అయిపాయెనా? నా ఆధార్ కార్డు మీద నా ఫొటో ఉంది. అది నా లెక్కుందా?"

ఉమాపతి ఆ ఫొటో చూశాడు. తర్వాతి ప్లేటు తనే తెచ్చి కాటాకు తగిలించాడు.

కుర్రాళ్లు ఫోన్లలో యాప్‌లు చూసుకుని తమ స్థాయి ఏమిటో చెప్పుకునేవాళ్లు. కౌశల్ అనే సాఫ్ట్‌వేర్ అబ్బాయి ఒకరోజు ఛాతీ విరుచుకుని వచ్చాడు. "సార్, నా పులప్ లెక్క కొడితే ఎలైట్ అని వచ్చింది."

"లెక్క ఎవరు కొట్టిన్రు?"

"నేనే సార్."

"గదే నా అనుమానం."

సార్ దగ్గర వేరే స్థాయిలున్నాయి. కొత్తగా వచ్చినవాళ్లది 'అబద్ధం'. కొంచెం బలం వచ్చాక 'అనుమానం'. ఆ పైది 'జూద్దాం'. దానికి పైన ఏముందో ఎవరికీ తెలియదు, ఎవరూ వెళ్లలేదు కనుక.

జిమ్ములో 'జూద్దాం'కు చేరిన ఒకే ఒక్క మనిషి దీవెన. మందుల కంపెనీలో క్వాలిటీ కంట్రోల్ ఉద్యోగం. రోజంతా మాత్రలను అనుమానించి జీతం తెచ్చుకునే పిల్ల కాబట్టి సార్ ధోరణి ఆమెకు కొత్తగా అనిపించలేదు. ఆమె గడ్డం కడ్డీ దాటిన ప్రతిసారీ ఆయన "దాటలే. కొంగ లెక్క మెడ సాపినవ్" అనేవాడు. ఆమె పళ్లు నూరుకుని మళ్లీ లాగేది. అట్లా లాగీ లాగీ ముప్ఫై కిలోలు నడుముకు కట్టుకుని పైకి పోయేదాకా వచ్చింది.

అయినా ఆమె లెక్క ఎక్కడా అధికారికంగా నమోదు కాలేదు. కిందటేడు నగర పోటీలో ఆడవాళ్ల విభాగంలో ఇద్దరే వచ్చారని దాన్ని రద్దు చేశారు. "ఊరికే ప్రదర్శనగా చెయ్యండి, చప్పట్లు కొడతాం" అన్నారు. దీవెన బెల్టు సంచిలో పెట్టుకుని, నాచారం దాకా ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చింది. అధికారిక లెక్క లేకపోతే జాతీయ పోటీకి పంపరు.

ఈ ఏడు ఉప్పల్‌లో పోటీ పెట్టారు. ఈసారీ ఆడవాళ్ల పేర్లు రెండే వచ్చాయి, దీవెనది ఒకటి, నారపల్లి నుంచి వచ్చే కీర్తనది ఒకటి. నిర్వాహకుడు హృషికేశ్ జిమ్ముకు వచ్చి, "ఇద్దరున్నా సరే, ఈసారి పోటీ జరుగుతుంది. నాది హామీ" అన్నాడు. దీవెన పొంగిపోయింది. ఎబినేజర్ సార్ మాత్రం ఆయన్ను కాళ్ల నుంచి తల దాకా చూశాడు.

ఆ తర్వాతే సార్ నడక మారింది. సాయంత్రం పెందలాడే వెళ్లిపోతున్నాడు. వెళ్లేటప్పుడు సంచిలో ఒక చిన్న ప్లేటు పెట్టుకుని, ఎవరైనా చూశారేమోనని వెనక్కి తిరిగి చూస్తున్నాడు. ఒకరోజు షెడ్డు వెనక హృషికేశ్‌తో గుసగుసలాడుతుంటే దీవెన చెవిన పడింది.

"మూడో మనిషిని నేను తెస్తే మీకేం అభ్యంతరం లేదు గద? మా దీవెనకు మాత్రం దెల్వొద్దు."

దీవెన చప్పుడు కాకుండా వెనక్కి నడిచింది. సారు చాటుగా ఇంకెవరినో తయారుచేస్తున్నాడు! తన పులపుల్లో తప్పులు పట్టిందంతా ఇందుకా? అనుమానం అంటురోగం లాంటిది. సార్ దగ్గర ఇన్నాళ్లు ఉన్నా సోకనిది ఆమెకు ఆ క్షణంలో సోకింది.

"ఉమాపతన్నా, ఆదివారం సార్ ఇంటికి పోయొద్దాం."

"ఎందుకమ్మా, ఆయన గేటు తియ్యడానికే గంట పడుతుంది!" అంటూనే అతనూ బయల్దేరాడు. అతనికీ సోకింది.

ఎత్తైన గోడ, ఇనుప గేటు, దానికి వరసగా తాళాలు. లోపల్నుంచి సార్ గొంతు: "దిగు! ఇంకా దిగు! ఇప్పుడు లే! లే!" ఆ వెంటనే ఎవరో మూలిగిన చప్పుడు.

"ఎవరో గట్టి పిల్లే అన్నా. ఆ ఊపిరి జూడు, ఎద్దు లెక్క!" అంది దీవెన గుసగుసగా. గేటు కొట్టింది.

లోపల చప్పుడు ఆగిపోయింది. గేటు కన్నంలో ఒక కన్ను ప్రత్యక్షమైంది.

"ఎవరు?"

"నేను సార్, దీవెనను."

"దీవెనవే అని ఏంది నమ్మకం?"

"కొంగ లెక్క మెడ సాపేదాన్ని సార్!"

గేటు జానెడు తెరుచుకుంది. సార్ ఒళ్లంతా చెమట.

"ఏం జేస్తున్నరు సార్?"

"కూరగాయలు తరుగుతున్న."

"లే, లే అని కూరగాయలనే అంటున్నరా?" అన్నాడు ఉమాపతి.

"వంకాయలు అడుగున పడ్డయ్" అని సార్ గేటు వేసేశాడు.

పోటీ రోజు దీవెన వచ్చిన ప్రతి ఆడపిల్ల భుజాలనూ అనుమానంగా చూసింది. నీళ్ల బాటిళ్లు పంచే అమ్మాయి కండలు చూసి కాసేపు అదిరిపోయింది కూడా. ముగ్గురు జడ్జీల్లో మధ్య కుర్చీ సార్‌దే. చేతిలో రెండు జెండాలు. చేసింది సరైతే తెల్లది, కాకపోతే ఎర్రది. సార్ తెల్ల జెండా పొద్దున్నుంచీ మడత కూడా విప్పుకోలేదు.

ఆడవాళ్ల వంతు రాగానే హృషికేశ్ మైకు పట్టుకుని నీళ్లు నమిలాడు. "క్షమించాలి. పైవాళ్లు ఒప్పుకోలేదు. కనీసం ముగ్గురు దిగాలి, ఒక్కొక్కరూ పులప్పో డిప్పో ఒక్కసారన్నా సరిగ్గా చెయ్యాలి. ఇద్దరే కాబట్టి ప్రదర్శనగా..."

దీవెన కళ్ల ముందు కిందటేడు ఆటో కదిలింది.

సార్ కుర్చీలోంచి లేచాడు. "నీ హామీ మీద నాకు ఆ రోజే అనుమానమొచ్చింది. నేను తెస్తనన్న మూడో మనిషిని మరిచినవా? పొద్దుగాలనే పేరిచ్చింది. పిలువు."

జనంలోంచి హన్నా వచ్చింది. సల్వార్ మీద పెద్ద టీషర్టు, కాళ్లకు కొత్త బూట్లు, మొహంలో మొగుడి మీద పీకల్దాకా కోపం. నడుముకు గొలుసు, గొలుసుకు దిబ్బరొట్టంత ప్లేటు ఒకటి. డిప్ కడ్డీల మధ్యకు ఎక్కింది.

దీవెన నోరు తెరిచింది. ఎద్దు లాంటి ఊపిరి ఈమెదా!

ఒక్కొక్కరికి మూడు అవకాశాలు. మొదటిసారి హన్నా సగమే దిగింది. మూడు ఎర్ర జెండాలు. రెండోసారి దిగింది, లేచింది. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. సార్‌ది ఎర్రది.

"ఇంట్ల ఇదే సరిపోతదంటివి గదయ్యా!" అని అరిచింది హన్నా కడ్డీల మీది నుంచే.

"ఇంట్ల మొగుణ్ణి. ఈడ జడ్జిని. మోచేయి సాపలే."

జనం గొల్లున నవ్వారు. దీవెన పరుగున వెళ్లి కడ్డీ పక్కన కూర్చుంది. "ఆంటీ, సార్ దిక్కు జూడకు. నేల జూడు. మెల్లగ దిగు."

"నేలనెందుకు, ఆయన్నే జూస్త" అంది హన్నా. మొగుణ్ణి గుడ్లురిమి చూస్తూ దిగింది. మధ్యలో ఆగింది. "నెలల సంది నన్ను బగారన్నం తిననియ్యలే ఈ మనిషి!" అని పళ్ల మధ్య నుంచి అంటూ ఒక్క ఊపున లేచి, మోచేతులు కర్రల్లా చాపింది.

ఒక జడ్జి తెల్లది ఎత్తాడు. ఇంకొకాయన ఎర్రది. అందరూ సార్ వైపు చూశారు. సార్ నేల మీద మోకాళ్లూని, భార్య కుడి మోచేతిని చూశాడు. ఎడమ మోచేతిని చూశాడు. మళ్లీ కుడిదాన్ని చూశాడు.

"ఏమయ్యా, నా చెయ్యి ఊడిపోతున్నది!"

తెల్ల జెండా మడత విప్పుకుని పైకి లేచింది.

ఆ తర్వాత దీవెన ఏం చేసిందో ఆమెకు సరిగ్గా గుర్తులేదు. ఆమె ముప్ఫై కిలోల పులప్‌కు మూడు జెండాలూ తెల్లవే లేచాయని ఉమాపతి చెబితే తెలిసింది. కీర్తన అంతకన్నా ఎక్కువ ఎత్తి మొదటి స్థానం కొట్టుకుపోయింది. దీవెన రెండు. హన్నాకు కంచు పతకం. హన్నాది తప్ప మిగతా ఇద్దరి లెక్కలూ జాతీయ పోటీకి సరిపోయాయి.

"నాకెందుకు చెప్పలే సార్? మీమీద ఎన్ని అనుకున్ననో!" అంది దీవెన నడుముకున్న బెల్టు విప్పుకుంటూ.

"చెప్తే నువ్వు ఆశ పెట్టుకుంటవ్ బిడ్డా. ఈమె లేస్తదన్న నమ్మకం నాకేడిది? పోయినేడు నువ్వేడ్చుకుంట పోతే జూసిన. రెండోసారి జూసే ధైర్యం లేకుండె." ఆయన కాటా సర్దుకుంటున్నట్టు మొహం తిప్పుకున్నాడు.

మరుసటి ఆదివారం హన్నా ఆ పతకం మెడలో వేసుకునే చర్చికి వెళ్లింది. సోమవారం సాయంత్రం దీవెన జిమ్ముకు వచ్చేసరికి, కొంగులు బిగించి భుజాన తువ్వాళ్లు వేసుకున్న చర్చి ఆడవాళ్ల గుంపు ఒకటి షెడ్డు నిండా ఉంది. ఉమాపతి ఆనందంతో ఎవరికి బెల్టు ఇవ్వాలో తెలియక తిరుగుతున్నాడు.

సార్ దీవెనను పక్కకు లాగి, గొంతు తగ్గించాడు. "వీళ్లను జూస్తే నాకేదో అనుమానంగున్నది బిడ్డా."

"ఇంకా ఏం అనుమానం సార్?"

"నువ్వు జర ఆదమరిస్తే దాటేస్తరని."